చీరా వాళ్ల దగ్గరే, డబ్బూ వాళ్ల దగ్గరే

ఇందులో మాట్లాడే అక్కాతమ్ముళ్లు కల్పితం. వాళ్లు చెప్పే నిబంధనలు మాత్రం అసలువే. అక్కది మంగళగిరి. ఇంటి ముందుగదిలోంచే చేనేత చీరలు అమ్ముతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెడుతుంది, వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుంటుంది, కార్డు డబ్బు వసూలుచేసి పెట్టే గేట్‌వే సంస్థ నుంచి పేమెంట్ లింకు పంపుతుంది, డబ్బు పడ్డాక కొరియర్‌కిస్తుంది. కొనేవాళ్లలో చాలామంది అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు. తమ్ముడు గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో కూర్చుని అమెరికా బ్యాంకు కార్డుల డిస్ప్యూట్లు చూస్తాడు. డల్లాస్‌లో ఒకావిడ ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి ‘ఈ డబ్బు నాకు వెనక్కి కావాలి’ అని నొక్కితే ఆ ఫైలు తెరిచేది ఇలాంటి తమ్ముళ్లే. తన డబ్బు పోయింది తన తమ్ముడిలాంటి వాడి చేతుల మీదుగానేనని అక్క కోపం.

అక్క: నా సెటిల్‌మెంట్‌లోంచి 18,400 రూపాయలు కోసేశారు. కోసేముందు నన్నొక మాట అడగాలని మీ బ్యాంకోళ్లకు అనిపించదంట్రా?

తమ్ముడు: అడిగారక్కా. గేట్‌వే నుంచి నీకు మెయిలొచ్చింది. నువ్వు చూసేసరికి గడువు దాటింది.

అక్క: లైవ్ పెట్టేది నేనే, చీరలు మడతేసేది నేనే, కొరియర్ కుర్రాడి వెంటపడేదీ నేనే. మెయిళ్లు చూస్తూ కూర్చోడానికి ఇక్కడ గుమాస్తా ఉన్నాడా? అయినా ముందు డబ్బు తీసేసుకుని, తర్వాత ‘నీ వాదనేంటో చెప్పుకో’ అంటే దాన్ని అడగడం అంటారా? దొంగనైనా ముందు విచారించి తర్వాత శిక్ష వేస్తారు.

తమ్ముడు: ఆ వరస తిరగెయ్యడానికే చట్టం చేశారు. 1974లో అమెరికా కాంగ్రెస్ ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ తెచ్చింది. బిల్లులో తప్పు పడిందని 60 రోజుల్లోగా రాసిస్తే చాలు, అది తేలేదాకా కార్డుదారు ఆ మొత్తం కట్టనక్కర్లేదు. అందని సరుకుకు పడ్డ బిల్లు కూడా ఆ తప్పుల జాబితాలోదే. దొంగ ఎవడైనా కార్డు వాడేస్తే అసలు మనిషి మీద పడేది 50 డాలర్లకు మించకూడదు. ఇది చట్టం. దానిపైన వీసా, మాస్టర్‌కార్డ్ సొంత నిబంధనలు పెట్టుకున్నాయి. చాలా రకాల డిస్ప్యూట్లకు అవి 120 రోజులు గడువిస్తాయి.

అక్క: చట్టం వాళ్లది, చీర మనది. మంగళగిరిలో ఒక ఆడది ముందుగదిలో కూర్చుని న్యూజెర్సీకి చీరలు పంపుద్దని 1974లో ఎవరనుకున్నారు?

తమ్ముడు: ఎవరూ అనుకోలేదు. కానీ ఆ చట్టం లేకపోతే నీకీ వ్యాపారం లేదు. ముక్కూమొహం తెలియని మనిషి, చీర చేత్తో పట్టుకుని చూడకుండా, సముద్రాల అవతలనుంచి ముందే డబ్బు కడుతోందంటే ఆ ధైర్యం నిన్ను చూసి వచ్చింది కాదు, కార్డును చూసి వచ్చింది.

అక్క: నన్ను చూసి రాకపోతే వాళ్ల చెల్లెళ్లకీ తోడికోడళ్లకీ నా నంబరు ఎందుకిస్తార్రా?

తమ్ముడు: ఇస్తారు. రెండోసారి కొనేవాళ్లు నిన్ను చూసే కొంటారు. మొదటిసారి కొనేవాళ్ల సంగతి నేను చెప్పేది.

ఇద్దరిదీ నిజమే కాబట్టి ఈ వాదన ఇక్కడ తేలదు. పోయిన డబ్బు ఎందుకు పోయిందో ఒక్కో ఫైలూ తెరిచి చూస్తే కొంత తేలుతుంది.

తమ్ముడు: ఆ 18,400 ఎవరిది?

అక్క: షార్లెట్‌లో ఉంటుంది. మూడు చీరలు తీసుకుంది, అందాయి, కట్టుకుని ఫొటో కూడా పెట్టింది, ‘వదినా, అంచు సూపర్’ అని. మూడో నెలలో డిస్ప్యూట్. ‘ఈ లావాదేవీ నేను చెయ్యలేదు’ అని.

తమ్ముడు: స్టేట్‌మెంట్‌లో ఏం పేరు పడింది?

అక్క: గేట్‌వే ఖాతా మీ బావ పేరున ఉందిగా. ఆయన పేరే పడుద్ది.

తమ్ముడు: ఇన్‌స్టాలో కొట్టు పేరు ఒకటి, బిల్లులో బావ పేరు ఒకటి. ఆ కార్డు ఆవిడదీ వాళ్లాయనదీ కలిపి ఉండుంటుంది. మూడో నెలలో ఎప్పుడో ఆయన పాత బిల్లు చూశాడు. ఎవరో తెలియని మగమనిషి పేరు, ఇండియా, 200 డాలర్లు దాటింది. వెంటనే ‘నాది కాదు’ అని నొక్కేశాడు. మా దగ్గరికొచ్చే ‘మోసం’ ఫైళ్లలో ఇలాంటివి కూడా ఉంటాయి. మోసమూ ఉండదు, మోసగాడూ ఉండడు, మొగుడూపెళ్లాలు మాట్లాడుకోకపోవడమే ఉంటుంది.

అక్క: వాళ్లు మాట్లాడుకోకపోతే నేను కట్టాలా?

తమ్ముడు: కట్టక్కర్లేదు, ఆ ఫొటో, ఆ మెసేజ్, కొరియర్ వాడి డెలివరీ కాగితం గడువులోపల పెట్టుంటే. గడువు దాటాక నువ్వు పంపిన జవాబు నాకు చూపించావు చూడు, 40 స్క్రీన్‌షాట్లు, సగం తెలుగులో. పైన ఒక పేజీ నిండా, పిల్లల ఫీజులు ఎట్లా కడుతున్నావో, ఎంత నిజాయితీగా చేస్తున్నావో రాశావు. చదివితే నాకు కళ్లు చెమర్చాయి. కానీ ఆ ఫైలు చూసేవాడు నేను కాదుగా. ఒక్కో ఫైలుకీ వాడికి దొరికేది కొన్ని నిమిషాలు. వాడికి తెలుగు రాదు. ఇంగ్లీషులో లేని కాగితానికి ఇంగ్లీషు అనువాదం జతచెయ్యాలని నిబంధనే ఉంది. ‘అంచు సూపర్’ అన్న మాట నీకు రసీదుతో సమానం, వాడికి గీతలు.

అక్క: అంటే నిజం చెప్తే చాలదు, వాడికి అర్థమయ్యేట్టు చెప్పాలి.

తమ్ముడు: ఒక్క పేజీలో చెప్పాలి. ఆర్డరు తేదీ, పంపిన తేదీ, అందిన తేదీ, అందిన చిరునామా, అందాక ఆవిడ రాసిన మాటకు అనువాదం. నీ బాధ వద్దు.

అక్క: నా బాధకు చోటులేని కోర్టన్నమాట.

ఈ మాట దగ్గర నేను అక్క వైపే. ఉదాహరణకు, ‘నేను చెయ్యలేదు’ అనే తరహా తగాదాలో అమ్మేవాళ్లకు వీసా 2023 ఏప్రిల్‌లో కొత్త వెసులుబాటు తెచ్చింది. అదే కార్డుతో అదే కొట్టులో అంతకుముందు జరిగిన, ఎవరూ తగాదా పెట్టని కొనుగోళ్లు రెండు చూపించాలి. అవి 120 రోజులకంటే పాతవై, ఏడాది దాటనివై ఉండాలి. వాటిలోనూ ఇప్పటిదానిలోనూ ఐపీ అడ్రస్సో, వాడిన ఫోనో, డెలివరీ చిరునామానో, లాగిన్నో, కనీసం రెండు వివరాలు కలవాలి. ఆ రెంటిలో ఒకటి ఐపీ గానీ ఫోను గానీ కావాలి. నిబంధన మంచిదే. కాకపోతే సొంత వెబ్‌సైటు, ఖాతాదారుల లాగిన్లు, లాగ్ ఫైళ్లు ఉన్న పెద్దకొట్టును మనసులో పెట్టుకుని రాసింది. వాట్సాప్‌లో ‘ఆ వంకాయ రంగుది నాకు పక్కనపెట్టు వదినా’ అంటే ఆర్డరు రాసుకునే మనిషి దగ్గర ఏ లాగ్ ఉంటుంది?

తమ్ముడు: అందుకే పేమెంట్ లింకు పక్కన ఓటీపీ ఉండేట్టు చూసుకోమంటున్నా. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణ 2009 ఆగస్టు నుంచే తప్పనిసరి. అమెరికా కార్డుకు ఆ తప్పనిసరి లేదు. నీ గేట్‌వేలో 3డీ సెక్యూర్ అనే ఏర్పాటుంటుంది. ఆవిడ బ్యాంకు దాన్ని ధ్రువీకరిస్తే, తర్వాత ‘నేను చెయ్యలేదు’ అన్నా ఆ నష్టం నీది కాదు, కార్డిచ్చిన బ్యాంకుది.

అక్క: అది పెడితే సగంలో వదిలేసి పోతున్నారు. ‘ఏదో కోడ్ అడుగుతుంది వదినా, వేరే దారిలో పంపనా?’ అంటారు.

తమ్ముడు: పెద్ద ఆర్డర్లకన్నా పెట్టు. కానీ అది మోసం తరహా తగాదాకే పనికొస్తుంది. ‘సరుకు అందలేదు’, ‘చెప్పినట్టు లేదు’ అన్నవాటికి ఓటీపీ ఉన్నా లేకపోయినా ఒకటే.

అక్క: ఆ ‘అందలేదు’ సంగతికే వస్తున్నా. 2025లో నా నడుం విరిగింది దాంతోనే. ఆగస్టులో అమెరికా పార్శిళ్లు మన పోస్టాఫీసు తీసుకోవడం ఆపేసింది. నెలాఖరుకు 800 డాలర్లలోపు సరుక్కి ఉన్న సుంకం మినహాయింపు తీసేశారు. అప్పటికే దారిలో ఉన్నవాటికి అక్కడ దిగాక సుంకం కట్టమన్నారు. ‘నేను చీరకు డబ్బిచ్చాను, గవర్నమెంటుకెందుకియ్యాలి’ అని ఒకావిడ తీసుకోలేదు. పార్శిలు కస్టమ్స్‌లో ఆగింది. ఆవిడ బ్యాంకుకెళ్లి ‘అందలేదు’ అంది. నిజమేగా, అందలేదు! నేనేం చెప్పను? నోరుమూసుకుని డబ్బు వదిలేశా.

తమ్ముడు: ఎందుకొదిలేశావ్? వీసా నిబంధనల్లో ఉంది, సరుకు కొన్నవాళ్ల దేశపు కస్టమ్స్ దగ్గర ఆగి ఉంటే ‘అందలేదు’ అన్న డిస్ప్యూట్ చెల్లదు. ట్రాకింగ్ పేజీలో ‘కస్టమ్స్ దగ్గర ఉంది’ అన్న ఒక్క లైను పంపితే సరిపోయేది.

అక్క: నాకెవరు చెప్పారు?

తమ్ముడు: ...

అక్క: చెప్పు. వందల పేజీల పుస్తకం. ఇంగ్లీషులో. నేను సంతకం పెట్టింది గేట్‌వేతో, వీసాతో కాదు. ఓడిపోయాక నాకొచ్చిన మెయిల్లో ఒకే ఒక్క వాక్యముంది, కార్డుదారుకు అనుకూలంగా తేలిందని. ఏ నిబంధన కింద ఓడానో లేదు. ఏం పంపితే గెలిచేదాన్నో లేదు. పైగా డిస్ప్యూట్ ఫీజు వేరే. గెలిచినా ఆ ఫీజు తిరిగిరాని గేట్‌వేలున్నాయి. పై మెట్టుకి, ఆర్బిట్రేషన్‌కి పోదామంటే వందల డాలర్ల ఖర్చు, ఓడినవాళ్ల నెత్తిన. మూడు చీరల కోసం ఎవరు పోతారు? ఇది న్యాయం గురించి కట్టిన ఇల్లు కాదురా, చిన్నవాళ్లు మెట్లెక్కకుండా కట్టిన ఇల్లు.

తమ్ముడు ఇక్కడ జవాబివ్వలేదు. ఇవ్వలేడు కూడా. కస్టమ్స్ విషయంలో తర్వాత కొంత సర్దుకుంది. 2025 అక్టోబరు 15 నుంచి పోస్టాఫీసు అమెరికా పార్శిళ్లు మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టింది, సుంకం బుకింగ్ దగ్గరే కట్టించుకుని. చీర ధర పెరిగింది, తగాదా తగ్గింది. అమ్మేవాళ్లకు ఈ రెంటిలో ఏది మేలో అడిగితే చాలామంది ధర పెంచడమే మేలంటారు. ఎంత పోతుందో ముందే తెలుస్తుంది కదా.

తమ్ముడు: సరే, ఇప్పుడు నీ తప్పులకొద్దాం. నీ పేజీలో పైన ఏం రాసి ఉంది? ‘నో రిటర్న్, నో ఎక్స్చేంజ్. అన్‌బాక్సింగ్ వీడియో లేనిదే కంప్లయింట్ తీసుకోం.’

అక్క: అందరూ అట్టాగే రాస్తారు.

తమ్ముడు: అందరూ రాసినా చెల్లదు. మనసు మారి వెనక్కిస్తానంటే నీ షరతు నిలబడుతుంది, కొనేముందు స్పష్టంగా చూపించి ఉంటే. చెప్పిన చీర ఒకటి, పంపిన చీర ఒకటి అయితే నీ ‘నో రిటర్న్’ బోర్డును కార్డు నెట్‌వర్కు పట్టించుకోదు. అమెరికాదాకా ఎందుకు, మన 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. సరుకు పాడైనా, ప్రకటించినట్టు లేకపోయినా, చెప్పిన తేదీకి రాకపోయినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనని అనకూడదు.

అక్క: చేనేత అంటే ఏంటో ఆ నిబంధన రాసినోళ్లకు తెలుసా? గుంట మగ్గం మీద నేసిన దాంట్లో ఒకచోట పోగు లేస్తుంది, ఒకచోట దారం ముడి కనిపిస్తుంది. మిల్లు గుడ్డ కాదనడానికి అదే గుర్తు. వాళ్లు దాన్ని ‘డ్యామేజీ’ అని ఫొటో తీసి బ్యాంకుకు పెడతారు. రంగు సంగతి సరేసరి. లైవ్‌లో లైటు కింద ఒక రంగు, వాళ్ల ఫోన్‌లో ఒక రంగు, ఎండలో ఇంకో రంగు.

తమ్ముడు: ఆ మాట అమ్మేముందు చెప్పు. ఫిల్టరు లేకుండా పగటి వెలుతుర్లో ఆ చీరదే, అదే చీరది, చిన్న వీడియో తియ్యి. ముడి ఉంటే ముడి చూపించు. ‘చూశాను, ఇదే పంపండి’ అని వాళ్లచేత రాయించుకున్నాక లింకు పంపు. వాళ్లు ఫొటో పెడితే నువ్వు వీడియో పెడతావు. ‘చెప్పినట్టు లేదు’ అన్న తగాదాలో కొన్నవాళ్లు సరుకు వెనక్కి పంపాలి, కనీసం పంపడానికి ప్రయత్నించి ఉండాలి. ఆ మెట్టు వాళ్లు ఎక్కకపోతే అది కూడా నీ జవాబులో రాయొచ్చు.

అక్క: వెనక్కా? డల్లాస్ నుంచి మంగళగిరికి తిరిగి పంపే ఖర్చుతో ఇంకో కాటన్ చీర వస్తుంది. ‘మీరే ఉంచుకోండమ్మా’ అనకుండా ఏం చెయ్యను? అది కొందరికి అలవాటైపోయింది. ‘సగం డబ్బు వెనక్కిస్తావా, డిస్ప్యూట్ పెట్టనా’ అని బేరం మొదలెడతారు. నీ చట్టం నాకంటే వాళ్లకు బాగా తెలుసు.

తమ్ముడు: ఆ మెసేజ్ దాచుకో. బెదిరింపు రాతపూర్వకంగా ఉంటే అది నీకు సాక్ష్యం.

అక్క: అన్నీ సాక్ష్యాలేనా నీకు? కొట్టు పెట్టానా, కచేరీ పెట్టానా?

తమ్ముడు: నువ్వు మంచితనానికి పోయి నష్టపోయిన కేసొకటుంది. విజయవాడ అత్తగారి సంగతి.

అక్క: అది గుర్తుచెయ్యకు. కొన్నావిడకు చీర నచ్చలేదు. నిజంగానే నా పొరపాటు, జరీ అంచు బదులు మామూలుది పోయింది. డబ్బిచ్చేస్తానన్నా. ‘కార్డుకు వద్దండీ, విజయవాడలో మా అత్తగారి ఖాతాకు ఫోన్‌పే చెయ్యండి, పండక్కి ఖర్చులుంటాయి’ అంది. వేశా. రెండు వారాలకు కార్డు వైపు నుంచి కూడా డిస్ప్యూట్ వచ్చింది. ముందే పెట్టేసిందంట, తియ్యడం మర్చిపోయిందంట. రెండుసార్లు పోయింది.

తమ్ముడు: ఏ కార్డునుంచి వచ్చిందో ఆ కార్డుకే, గేట్‌వే ద్వారానే వెనక్కివ్వాలి. డిస్ప్యూట్ పడ్డాక అసలు విడిగా రిఫండ్ చెయ్యకూడదు, దాన్ని ఒప్పుకుంటే సరిపోతుంది. అత్తగారి ఖాతాకు వేసిన డబ్బుకీ ఆ కార్డు లావాదేవీకీ సంబంధం ఉందని బ్యాంకుకు నువ్వు ఎట్లా చూపిస్తావు?

అసలు దొంగల గురించి ఇద్దరికీ పెద్ద తేడా రాలేదు. దొంగిలించిన కార్డుతో వచ్చే ఆర్డరును అక్క వాసన పట్టేస్తుంది. ఇల్లో గోడౌనో తెలియని చిరునామా, తొందర, ఒకేసారి పన్నెండు చీరలు.

అక్క: రంగు అడక్కుండా, బ్లౌజు పీసుందా అని అడక్కుండా, బేరమాడకుండా పన్నెండు చీరలు కొనే తెలుగు ఆడది భూమ్మీద ఉందట్రా? అది కొనుగోలే కాదు. డబ్బు అదే కార్డుకు తిప్పికొట్టేశా.

తమ్ముడు: ఈ ఒక్క విషయంలో మా బ్యాంకు సాఫ్ట్‌వేర్ కంటే నువ్వు నయం.

అక్క: నేను ఈ గొడవంతా మానేసి యూపీఐకి మారిపోతే? పిన్ కొట్టాకగా డబ్బు వచ్చేది. వెనక్కి లాగేవాడే ఉండడు.

తమ్ముడు: యూపీఐలో కూడా వ్యాపారి చెల్లింపులకు చార్జ్‌బ్యాక్, అంటే డబ్బు వెనక్కి లాగే దారి, ఉంది. అంతకంటే పెద్ద చిక్కు వేరే. నువ్వు సొంత సేవింగ్స్ ఖాతా క్యూఆర్ పెట్టావు. ఎవడో ఎక్కడో ఒక ముసలాయన్ని మోసంచేసి, ఆ డబ్బు నాలుగు చేతులు మార్చి, ఐదోచేత్తో నీ దగ్గర చీర కొన్నాడనుకో. ముసలాయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. డబ్బు వెళ్లిన దారి పట్టుకుంటూ పోలీసులు నీ ఖాతాదాకా వస్తారు. చార్జ్‌బ్యాక్‌లో చీర డబ్బు పోతుంది, దీంట్లో ఖాతాయే ఆగిపోవచ్చు. వేరే రాష్ట్రపు సైబర్ స్టేషన్‌కి నువ్వు మెయిళ్లు పెట్టుకుంటూ ఉండాలి. తగాదాలో ఉన్న మొత్తం వరకే ఆపాలి గానీ ఖాతా అంతా బిగించకూడదని 2023లో కేరళ హైకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే ఎంతమంది బిగుసుకుపోయారో చూడు.

అక్క: అప్పుడేం చూపించాలి?

తమ్ముడు: మళ్లీ అవే. బిల్లు, కొరియర్ రసీదు, చాట్. వ్యాపారానికి విడిగా కరెంట్ ఖాతా. ఇంటి డబ్బు అందులో ఉండకూడదు.

అక్క: ఎటు తిరిగినా నీ కాగితాల దగ్గరికే తెస్తావు.

తమ్ముడు: నేను ఫైలు తెరిస్తే కనిపించేది అవేనక్కా. నిన్ను తెలిసినవాడిగా చెప్పాలంటే నీ మాటే నమ్ముతా. ఆ కుర్చీలో కూర్చుంటే నమ్మలేను.

అక్క: మరి నాదీ విను. కాగితాలు పెడతా, వీడియోలు తీస్తా, కొట్టు పేరు బిల్లులో పడేట్టు గేట్‌వేకు రాస్తా. కానీ దీన్ని న్యాయం అనమంటే అనను. నెలకు పదిహేను ఆర్డర్లుండే నాకు ఒక్క డిస్ప్యూట్ పడితే నూటికి ఆరుపైన లెక్క. లక్ష ఆర్డర్లవాడికి వెయ్యి పడినా నూటికి ఒకటే. ఆ శాతం చూసి గేట్‌వేవాడు నా సెటిల్‌మెంట్ ఆపుతానంటాడు, ఆ లక్ష ఆర్డర్లవాడితో అయితే కూర్చుని మాట్లాడతాడు. తప్పు లేకపోయినా ఫీజు నాదే. కొన్నవాళ్లు అబద్ధమాడారని తేలినా వాళ్లకు రూపాయి జరిమానా లేదు.

తీర్పు చెప్పాలంటే నాది ఇది. కొనేవాళ్లకు ఈ రక్షణ ఉండాల్సిందే, దాన్ని తగ్గించమనడం అక్కకే నష్టం. గెలిచిన అమ్మకందారు దగ్గర ఫీజు వసూలు చెయ్యడం మాత్రం తప్పు. ఓడినవాళ్లకు ఏ నిబంధన కింద ఓడారో చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఈ రెండూ సరిచెయ్యడానికి చట్టం మార్చక్కర్లేదు. గేట్‌వేలు తల్చుకుంటే చాలు. ఓడిపోవడానికి కారణాన్నీ, పంపాల్సిన కాగితాల జాబితానూ ఒక పేజీలో, తెలుగులో, ఇవ్వగలవు.

విదేశాల్లో ఉండి ఇక్కడి చిన్న కొట్లలో కొనేవాళ్లకు ఒక మనవి. బిల్లులో తెలియని పేరు కనిపిస్తే ముందు ఇంట్లో అడగండి, తర్వాత అమ్మినవాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి. జవాబు రాకపోతే డిస్ప్యూట్ వెయ్యండి, అది మీ హక్కు. బిల్లు చూసిన వెంటనే అడిగి, ఒక వారం ఆగినంతమాత్రాన ఆ హక్కు ఎక్కడికీ పోదు.